సంజీవరావు రెండు వయసులు

ఆటోనగర్‌లో లారీలకు కుదుపులు ఆపే కమాన్ కట్టలు బిగించే సంజీవరావుకు వయసులు రెండు. భార్య అమలమ్మ లెక్కన అరవై ఒకటి, ఆధార్ కార్డు లెక్కన యాభై ఒకటి.

పన్నెండేళ్ల క్రితం మా షెడ్డు ఓనరు విశ్వేశ్వర్ గారు, నలభై దాటినవాణ్ణి పనిలో పెట్టుకోనని భీష్మించుకున్నారు. ఆయనకే అప్పుడు నలభై ఆరు, అది వేరే సంగతి. సంజీవరావు ఆధార్‌లో పుట్టిన సంవత్సరం పదేళ్లు ముందుకు జరిపించుకుని, జుట్టుకు రంగేసుకుని వచ్చి చేరాడు. దాంతో కాగితాల ప్రకారం అమలమ్మ మొగుడికంటే ఆరేళ్లు పెద్దదైపోయింది. చర్చిలో పెళ్లి జరిగిన నాటికి పెళ్లికొడుకు వయసు పదిహేను.

మా షెడ్డులో రిటైర్మెంటు పద్ధతి మహా తేలిక. జీతంలో కొంత, ఓనరుగారి వాటా కొంత నెలనెలా బ్యాంకులో పడేది. ఇక సుత్తి ఎత్తలేనని మనిషి అన్న రోజున ఆయన చెక్కు రాసిచ్చి, శాలువా కప్పి, ఫొటో దిగేవారు. సంజీవరావు మోకాళ్లు రెండేళ్లుగా మొరాయిస్తున్నాయి. ఈ క్రిస్మస్‌కి మానేస్తానని అమలమ్మకు మాటిచ్చాడు.

ఇంతలో పెన్షన్ కంపెనీ తరఫున సంయుక్త అనే అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని దిగింది. "మీ పద్ధతి మరీ పాతకాలందండీ. అందరికీ పెన్షన్ అకౌంట్లు తెరిచేద్దాం సార్. అరవై నిండగానే నెలనెలా డబ్బులొస్తాయి" అంది.

పాతకాలం అన్న మాట ఓనరుగారికి బాగా తగిలింది. వారం తిరక్కుండా షెడ్డు ముందు ఫ్లెక్సీ లేచింది. అందులో కార్మికుల భవిష్యత్తు ఓ మూలకు ఒదిగి ఉంది, మిగతాదంతా ఓనరుగారి మొహం. డబ్బంతా కొత్త ఖాతాల్లోకి వెళ్లింది. షెడ్డు గుమాస్తాను కాబట్టి ఫారాలు నింపింది నేనే. పుట్టినతేదీలు ఆధార్ చూసి రాశాను. సంజీవరావు చదవకుండా సంతకం పెట్టాడు. నేనూ అడగలేదు, అప్పుడు మైసూర్‌పాక్ తింటున్నాను.

నవంబర్లో సంజీవరావు వచ్చి, మానేస్తానన్నాడు. కంప్యూటర్ తెరిచి చూశాను. తొమ్మిదేళ్లు ఆగాలి. ముందే మానేస్తే చేతికొచ్చేది కొంచెమే, మిగతాది కాగితం మీద అరవై నిండేదాకా కదలదు.

పెళ్లి సర్టిఫికెట్టు పట్టుకుని ఇద్దరం ఆధార్ సెంటరుకు పరిగెత్తాం. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

"పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోవచ్చండీ. మీ చాన్సు అయిపోయింది."

ఉన్న ఒక్క అవకాశాన్నీ కుర్రాడు కావడానికి ఖర్చుపెట్టేశాడు మహానుభావుడు.

చివరికి ఓనరుగారి దగ్గరికెళ్లాం. "రూల్స్ నా చేతిలో ఉన్నాయేంటయ్యా? అయినా నీకేంటి, నాకంటే ఏడేళ్లు చిన్నోడివి!" అని భుజం తట్టారు. పాత పద్ధతిలో దయ చూపించాల్సిన బాధ్యతైనా ఉండేది ఆయనకు. దాన్ని కూడా కొత్త పథకంలోకి మార్చేసుకున్నారు.

ఇంట్లో అమలమ్మ ఏడవలేదు. "పనికెళ్లు తమ్ముడూ" అందట. అతను చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, మరుక్షణం సిగ్గేసింది. తేదీ రాసిన చెయ్యి నాదే కదా.

క్రిస్మస్ మర్నాడు పనిలోకి వచ్చాడు. జుట్టుకు రంగు మానేశాడు. లారీ కింద దూరబోతూ నా వైపు చూశాడు.

"ఏవండీ, ఆ డబ్బులొచ్చేనాటికి నాకెన్నేళ్లుంటాయి?"

"అరవై" అన్నాను.

"మరి మోకాళ్లకో?"