పిల్లి మీద మర్డర్ కేసు

నా చిన్నప్పుడు మా మామయ్య మా పిల్లి మీద హత్య కేసు పెట్టాడు. చచ్చింది ఒక కోడిపిల్ల. నేను ఆరో తరగతిలో చేరిన ఏడాది అది. అప్పట్లో మాకు ఇంగ్లీషు ఆరో తరగతిలోనే మొదలయ్యేది. ఆ అక్షరాలు చూస్తేనే పుస్తకం మూసేసేదాన్ని. మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, గూడూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఆదివారాలు వాకాడు దగ్గర మా ఊరికి వచ్చేవాడు. పిల్లకు చదువు తలకెక్కడం లేదని అమ్మ మొరపెట్టుకుంటే, తనకు వచ్చింది కోర్టు ఇంగ్లీషేననీ, కావాలంటే అదే నేర్పుతాననీ అన్నాడు.

మా పెరడే కోర్టు. అమ్మ నల్ల పావడా భుజాన వేసుకుంటే మామయ్య వకీలు. దాన్ని తీసేసి నులకమంచం మీద కూర్చుంటే జడ్జి. బంట్రోతులా గుమ్మంలో నిలబడి పిల్లిని మూడుసార్లు కేకేసి పిలిచేవాడు. అది వస్తుందా? "అక్యూజ్డ్ పరారీలో ఉండాది యువరానర్" అని తనకు తానే విన్నవించుకుని, "అరెస్ట్!" అని నామీద అరిచేవాడు. దాన్ని గాదె కిందనుంచి లాక్కొచ్చేసరికి నా చేతులనిండా గీట్లే. వాటికి అసాల్ట్ అని పేరు పెట్టాడు. కోడిపిల్ల ఈకలు ఎవిడెన్స్. పిల్లి పళ్లు వెపన్. మునగాకు దొంగతనం కేసులోనైతే సాక్షిగా కట్టేసిన మేకే ఎవిడెన్సంతా నమిలేసింది. ఆ రోజు మా బాబాయి నవ్వి నవ్వి గోడకు చేరగిలబడిపోయాడు. మా నాన్న తమ్ముడు ఆయన, ఇంకా పెళ్లి కాలేదు. మా కోర్టులో కానిస్టేబుల్ వేషం ఎప్పుడూ ఆయనదే.

విట్‌నెస్ అనే మాట నాకు ఎంతకీ సరిగా వచ్చేది కాదు. చివర ఒక ఎస్ రాసి ఊరుకునేదాన్ని. "సాక్షికి రెండు కళ్లుంటాయి గదా పాపా. కంటికొక ఎస్ పెట్టు" అన్నాడు మామయ్య. ఆ తర్వాత తప్పలేదు.

ఆ ఎండాకాలం కాలువ నీళ్లు వంతుల మీద వచ్చాయి. పక్క చేనాయనను నేను పెదనాయనా అని పిలిచేదాన్ని. ఆయన కూతురు, నేను ఒకే బెంచీ. వానాకాలంలో కాలువ నిండుగా పారుతుంటే ఆయన నన్ను చంకనెత్తుకుని దాటించిన రోజులున్నాయి.

ఒక మధ్యాహ్నం బాబాయికి సద్ది తీసుకుపోయాను. ఆయన తూము దగ్గర వంగి చేతులతో మట్టి తోడుతున్నాడు. పెదనాయన గట్టుమీద పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా వంతు ఇంకా అయిపోలా. తూము ముయ్యి" అన్నాడు.

"పొద్దు నడినెత్తికొచ్చిందన్నా. ఇంక మా వంతే గదా" అన్నాడు బాబాయి, తలెత్తకుండానే.

పార లేచింది. మెడమీద పడింది. తడిమట్టిలో దిగినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. బాబాయి ఇటు తిరిగి, ఏదో కుట్టినట్టుగా మెడమీద చెయ్యి వేసుకున్నాడు. రెండో దెబ్బకు ఆ చేతివేళ్లు తెగిపోయాయి. కాలువలో బోర్లా పడ్డాక కూడా పార ఆగలేదు. వీపున పడింది, తలమీద పడింది. పెదనాయన ఒక్క తిట్టు కూడా తిట్టలేదు, పని చేసేటప్పుడు రొప్పినట్టు రొప్పాడంతే. నీళ్లు ఎర్రబడి, బాబాయి తెరిచిన తూములోంచి మా మడిలోకే పారాయి. అప్పుడు పెదనాయన నన్ను చూశాడు. కాలువ దాటించేటప్పటి గొంతుతోనే, "ఇంటికి పో పాపా" అన్నాడు.

ఇంటికి వెళ్లాను. నా గౌను మీద రక్తపు చుక్కలు చూసి అమ్మ కేకలు పెట్టింది. ఏం జరిగిందని అందరూ నన్ను కుదిపి కుదిపి అడిగారు. నోరు తెరిచాను. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పోలీసులొచ్చి అడిగినా అంతే. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. పెదనాయన మాత్రం స్టేషన్లో, వాడే కత్తి తీసుకుని నామీదకొచ్చాడు, ప్రాణభయంతో కొట్టినానని చెప్పాడట. ఆ గట్టుమీద మరో మనిషి లేడు. ఊళ్లో సగంమంది ఆ మాటే నమ్మారు. బాబాయి చేతిలో మట్టి తప్ప ఏమీ లేదని తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి కూడా నాలోపలే గడ్డకట్టుకుపోయింది. పిల్ల నోరు తెరవకుండా ఉంటేనే దానికి మంచిదని ఎవరో మనిషితో కబురు పంపారు. నాన్న గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకునేవాడు.

మామయ్య వచ్చాడు. నన్నేమీ అడగలేదు. పెరట్లో నా పక్కన చతికిలబడి, పుల్లతో నేలమీద రాయడం మొదలుపెట్టాడు. ముందు మర్డర్ అని రాశాడు, అందులో ఒక అక్షరం తప్పు. చెరిపి మళ్లీ రాస్తే ఇంకో తప్పు. "ఏందో, వయసైపోతా ఉండాది" అని గొణుక్కున్నాడు. తర్వాత విట్‌నెస్ అని రాసి, చివర ఒక ఎస్ పెట్టి, పుల్ల పక్కన పడేసి లేచి వెళ్లబోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంత కోపమో ఇప్పటికీ చెప్పలేను.

"రెండు" అన్నాను.

మామయ్య వెనక్కి తిరగలేదు. నిలబడ్డచోటే, "ఏంది?" అన్నాడు.

"రెండు ఎస్‌లు."

ఆయన మెల్లగా వచ్చి మళ్లీ కూర్చున్నాడు. మొహంలో ఆశ్చర్యం కనబడనివ్వలేదు. అచ్చం మా ఆదివారం కోర్టు గొంతుతో, "అక్యూజ్డ్ ఎవరు? పిల్లేనా?" అన్నాడు. కాదన్నాను. "విట్‌నెస్?" నేనేనని చెప్పాను. మర్డరా అంటే తలూపాను. తెలుగులో చంపాడన్న మాట నా నాలుకమీదికి వచ్చేది కాదు. దాన్ని తలుచుకుంటే కాలువ కనబడేది. ఈ ఇంగ్లీషు మాటలకు మాత్రం ఇంకా రక్తం అంటలేదు. వాటిని నేను నవ్వుతూ నేర్చుకున్నాను.

"వెపన్?"

పారను ఇంగ్లీషులో ఏమంటారో మామయ్య నాకు నేర్పలేదు. వెతుక్కున్నాను. దొరకలేదు. "పార" అన్నాను. ఆ ఒక్క మాటతో కట్ట తెగింది. అన్నీ చెప్పాను, తెలుగులోనే, వెక్కి వెక్కి ఏడుస్తూ. వేళ్ల సంగతి దగ్గర మామయ్య తన చేతిని పైపంచెలో దాచుకోవడం చూశాను.

గూడూరు కోర్టులో నన్ను ఎత్తు పీట మీద నిలబెట్టారు. పెదనాయన తరఫు వకీలుగారు మెత్తగా మొదలుపెట్టారు. మామయ్య ఇంట్లో కోర్టు నాటకాలు ఆడించేవాడా అని అడిగారు. అవునన్నాను. పిల్లికి కూడా శిక్ష వేశారటగా అన్నారు. హాల్లో నవ్వులు లేచాయి. "చూశారా యువరానర్, ఇన్నాళ్లు నోరు మెదపని పిల్ల! ఈ సాక్ష్యం కూడా ఆ నాటకంలో నేర్పిన ముక్కే" అన్నారు. మామయ్య నేల చూస్తున్నాడు. మా నవ్వులే బాబాయికి అన్యాయం చేయబోతున్నాయని ఆ వయసులోనూ నాకు అర్థమైంది.

"నాటకంలో మా బాబాయి గూడా నవ్వేవాడు సార్" అన్నాను. "కాలువ కాడ ఆయనకు అరిచే సందు గూడా ఇయ్యలా."

నవ్వులు ఆగిపోయాయి. జడ్జిగారు కలం కింద పెట్టి, బాబాయి చేతుల్లో ఏముందో చెప్పమన్నారు. మట్టి అని చెప్పాను. పెదనాయన వైపు చూడలేదు. చూస్తే ఆ గొంతు మళ్లీ వినబడుతుందని భయం.

ఆయనకు యావజ్జీవం పడింది. బయట వేపచెట్టు కింద ఆయన కూతురు తల్లి కొంగులో మొహం దాచుకుని ఏడుస్తోంది. మా బెంచీలో నా పక్క చోటు ఆ తర్వాత ఖాళీగానే ఉండిపోయింది. మామయ్య ఆదివారాలు వస్తూనే ఉన్నాడు గానీ, ఇంగ్లీషు వాచకంలోంచే చెప్పాడు. అమ్మ పావడా జోలికి మళ్లీ పోలేదు.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. రిటైరై చాలా కాలమైంది. ఇంటిదగ్గర దెబ్బలు తిన్నవాళ్లు, చూడకూడనివి చూసినవాళ్లు, బడికొచ్చి గోడవైపు తిరిగి కూర్చునే పిల్లలు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు ఉండేవారు. ఏం జరిగిందని నేను వాళ్లనెప్పుడూ అడగలేదు. పక్కన చేరి, వాళ్లకు బాగా వచ్చిన ఎక్కమో పద్యమో తప్పుగా చెప్పేదాన్ని. కొందరు దిద్దారు. దిద్దినవాళ్లు ఆ తర్వాత ఇంకేదో చెప్పారు. కొందరు దిద్దలేదు. వాళ్ల పక్కన బడి వదిలేదాకా ఊరికే కూర్చున్నాను.