దుబాయి కస్టమ్స్ బల్ల మీద మా అప్ప కాయం

నా మనవరాలు లక్ష్మికి దుబాయిలో ఆడపిల్ల పుట్టింది. ఇక్కడికొచ్చి పురుడు పోసుకుంటాదనుకున్నాం, అక్కడి డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు. దాని తల్లి, అంటే నా కూతురు, మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం దిగలేకుండా ఉంది. మా ఇంట్లో పాస్‌పోర్టు ఉన్నది నాకొక్కడికే. ఒకప్పుడు మస్కట్‌లో తాపీ మేస్త్రీగా చేసినవాణ్ణి. చదువు రెండో తరగతితో ఆగిపోయింది. ఇదంతా ఫోన్లో ఒక్కో అక్షరం నొక్కి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను, నా గొప్ప కోసం కాదు.

బయల్దేరే ముందు రోజు బొబ్బిలి నుంచి మా అప్ప పైడమ్మ, అంటే మా అక్క, స్టీలు డబ్బా పట్టుకుని అరసవల్లిలో మా ఇంటికి వచ్చింది. డబ్బాలో కాయం. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, ఇంకా ఏవేవో వేయించి దంచి, బెల్లం పాకంలో నువ్వుల నూనె పోసి ముద్ద చేస్తారు. బాలింతకి రోజూ ఉసిరికాయంత పెడతారు. మా ఇంట్లో ఏ ఆడపిల్ల కాన్పు అయినా అప్ప చేతి కాయమే.

"ఇది తినకపోతే ఆ పిల్ల నడుం ఎందుకూ పనికిరాదు. నువ్వు సేరకపోయినా పర్లేదురా, డబ్బా మాత్రం సేరాల" అన్నాది.

అదే వేళకి లక్ష్మి మొగుడు గణేష్ ఫోన్ చేశాడు. "తాతగారూ, గసగసాలు మాత్రం తేకండి. ఇక్కడ వాటిని మత్తుమందు కింద లెక్కేస్తారు, జైల్లో పెడతారు" అని.

"ఒరే, నేను గల్ఫ్‌లో ఉన్ననాటికి నువ్వు పుట్టలేదు. నాకు సెప్తావేటి?" అన్నాను. అన్నానే గానీ, సంచిలో మసాలా సామాన్లతో పాటు ఉన్న గసగసాల పొట్లం తీసి అప్ప చేతిలో పెట్టాను. "ఇది వద్దట" అన్నాను. ఆవిడ పుచ్చుకుని కొంగున ముడేసుకుంది. నేను నియమం తెలిసినవాణ్ణని మీసం దువ్వుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కాను.

"ఎక్కడికి తాతా?" అన్నాడు ఆటోవాడు.

"దుబాయి."

"ఆటోలోనా?"

"నీ ఆటో బస్సుల కాంప్లెక్సు దాకా సేరితే సాలు, తోలు."

కాంప్లెక్సులో విశాఖ బస్సు. రెండున్నర గంటలు అన్నారు గానీ మూడు పట్టింది. టిక్కెట్టు మూడొందల లోపే. ఎయిర్‌పోర్టులో టీ మాత్రం మా వీధిలో భోజనం ఖరీదు, ఇంటి దగ్గరే తాగి వెళ్ళండి. కాయంలాంటి ముద్దలూ, పచ్చళ్ళూ చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గర తీయించేస్తారు, అందుకని డబ్బా పెద్ద బ్యాగులో వేశాను. హైదరాబాదులో రెండో విమానం కోసం ఇనప కుర్చీలో కూర్చుని కూర్చుని నా నడుమే బాలింత నడుమైపోయింది. మస్కట్‌లో ఉన్న వయసులో పన్నెండు మంది ఒక గదిలో పడుకున్నా ఒళ్ళు నొప్పి తెలిసేది కాదు. ఇప్పుడు కుర్చీ కూడా నన్ను మోయనంటోంది.

దుబాయిలో దిగేసరికి బాగా తెల్లారింది. బ్యాగు తీసుకుని బయటికి వస్తుంటే మిషన్‌లో పెట్టమన్నారు. పెట్టాను. పక్కకి రమ్మన్నారు. కుర్ర ఆఫీసరు డబ్బా మూత తీశాడు. ఘాటుకి తుమ్మాడు.

"యే క్యా హై?" అన్నాడు. వాడి హిందీ నా హిందీ లాగే ఉంది.

మా వైపు దీన్ని కాయం మందు అంటాం. మందుకి హిందీలో మాట నాకొచ్చు. "దవా" అన్నాను.

అక్కడే చెడింది. మందు అయితే డాక్టరు కాగితం చూపించమన్నాడు. "మేరా అప్ప డాక్టర్" అన్నాను. అప్ప అంటే వాడికేం తెలుస్తాది? నా మాట ముగిసే లోపు ఇంకో పెద్ద ఆఫీసరు వచ్చి వాసన చూశాడు. చెంచాతో కొంచెం తీసి వెలుగులో పెట్టి, "ఇస్‌మే ఖష్‌ఖష్ హై?" అన్నాడు.

ఖష్‌ఖష్ అంటే గసగసాలు. మస్కట్ వంటవాళ్ళ దగ్గర విన్న మాటే.

లేదని చెప్పడానికి నోరు తెరిచాను. పొట్లం నా చేత్తో నేనే తీసేశాను కదా. అద్దాల అవతల గణేష్ చెయ్యి ఊపుతున్నాడు. ఒక్క "నహీ" అంటే బయటపడతాను, డబ్బా పిల్లకి చేరుతుంది. కానీ మేస్త్రీ బుర్ర అడ్డం పడింది. ఇసకతో కలిపిన మాలులో సిమెంటు ఎంత పడిందో కలిపినవాడికి తెలుస్తాది గానీ, గోడ కట్టేవాడు ఒట్టేసి చెప్పకూడదు. ఆ కాయం నేను కలపలేదు.

"మాలూమ్ నహీ. ఫోన్ కరేగా" అన్నాను. చెయ్యమన్నాడు. రోమింగ్ వేయించుకుని వెళ్ళబట్టి కలిసింది.

"అప్పా, కాయంలో గసగసాలు ఏసేవా?"

"ఏసేన్రా, గుప్పెడు. బాలింతకి నిద్దర పట్టొద్దూ?"

"మరి వద్దని పొట్లం ఇచ్చేను కదే!"

"పొట్లం తీసెయ్యమన్నావు, తీసేసేను. కాయంలోది ఎలాగ తీస్తానురా, కూకుని ఏరుకోనా?"

"సెప్పవేటి మరి?"

"నువ్వు అడిగేవేటి?"

ఫోన్ పెట్టేసి "హై" అన్నాను.

నన్ను ఒక గదిలో చాలాసేపు కూర్చోబెట్టారు. ఒక్కడూ అరవలేదు, మంచినీళ్ళు ఇచ్చారు. చివరికి డబ్బా ఉంచేసుకుని, కాగితం మీద సంతకం పెట్టించి, పెద్దాయన అన్నాడు, లేదని చెప్పి ఉంటే ఈపాటికి ఇంటికి కాదు, వేరే చోటికి వెళ్ళేవాడివని. నన్ను వదిలారు కదాని మిమ్మల్నీ వదులుతారని నేను పూచీ పడను.

లక్ష్మి గుమ్మంలోనే అడిగింది. "తాతా, బొబ్బిలి మామ్మ కాయం ఏదీ?"

"దుబాయోళ్ళకి నడుం నొప్పట, ఇచ్చేసి వచ్చేను" అన్నాను. నవ్వింది గానీ మొహం వాడిపోయింది. ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూసిందో.

ఆ మధ్యాహ్నమే గణేష్‌ని వెంటబెట్టుకుని డేరా అనే పేటలోని బజారుకి వెళ్ళాను. శొంఠీ, పిప్పళ్ళూ, బెల్లమూ అన్నీ దొరికాయి. అప్ప ఫోన్లో తిడుతూ చెబుతుంటే నేను దంచాను. "పాకం మాడ్చేవురా, సిమెంటు అనుకున్నావేటి" అన్నాది. కట్టిన గోడలకి లెక్కలేదు గానీ పొయ్యి దగ్గర నిలబడింది అదే మొదలు.

లక్ష్మి ఉసిరికాయంత తిని కళ్ళు మూసుకుంది.

"ఎలాగుంది?"

"మామ్మ కాయంలా లేదు తాతా. అది తింటే నిద్ర పడతాదని అమ్మ చెప్పేది."

గసగసాలు అందులో లేవు మరి. పసిదాన్ని దాని ఒళ్ళోంచి తీసుకుని భుజాన వేసుకున్నాను. "నువ్వు పడుకో. లేచేదాకా దీన్ని నేను సూత్తాను" అన్నాను. ఆ గదిలో ఇటూ అటూ తిరిగాను. నా నడుం పోతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. లక్ష్మి మాత్రం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ముసలితనంలో ప్రయాణం అంటే అలుపు తప్ప ఏమీ లేదు. అన్నీ తెలుసనుకుని బయల్దేరిన నాకు తెలిసినవన్నీ పాతవే. నా బ్యాగులో ఏముందో నాకు తెలుసు, డబ్బాలో ఏముందో తెలియదు. పక్కనే కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగడానికి నాకు అడ్డొచ్చింది నా మీసమే. డబ్బా పోయిందని అప్ప ఇప్పటికీ సణుగుతూనే ఉంది. సణగనీ. దాని గుప్పెడు గసగసాలు చేయాల్సిన పని ఆ వేళ నేను చేశాను.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఇంట్లో చేసిన పొడి గానీ ముద్ద గానీ పట్టుకెళ్తుంటే, అందులో ఏమేం పడ్డాయో చేసిన మనిషిని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడగండి, ఆ దేశంలో పనికిరానిది ఒక్కటున్నా డబ్బా ఇంటి దగ్గరే దింపేయండి. అడక్కుండా చెప్పరు. చెప్పలేదేమని తర్వాత అడిగితే ఏమంటారో మా అప్ప నాకు చెప్పింది.