పసుపు గచ్చు

ఆర్మూర్‌లో పసుపు అంటని గచ్చు ఎక్కడైనా ఉందా? మనుషుల మడమలే పచ్చగా ఉండే ఊర్లో, చంటిపిల్లల బాలవాడి గచ్చు మాత్రం తళతళ మెరవాలట!

ఆ పంతం భాగ్యలక్ష్మి మేడంది. పసుపు మార్కెట్ వెనుక, కూలికొచ్చే తల్లుల పిల్లల కోసం బాలవాడి నడిపేది ఆమె సంఘమే. అందులో ఆయా రత్నవ్వ. పొద్దున్నే కుంకుడుకాయల రసం కలిపిన నీళ్లతో గచ్చు కడిగి, చాపలు ఎండలో వేసేది. ఎండకు చాపల మీది పసుపు వెలిసిపోయేది, నీడనున్న గచ్చు మీద మిగిలేది. మిగిలితే ఏ కొంప మునిగింది? రత్నవ్వ నోరు మాత్రం పెద్దది. పిల్లలు పాకే చోటికి చెప్పులతో వస్తే కన్నకొడుకునైనా తిట్టేది. మేడం ఒక్కతే చెప్పులతో తిరిగేది.

2006 ఎండాకాలంలో, చందాలిచ్చే పెద్దమనుషులు హైదరాబాద్ నుంచి చూడవస్తున్నారని, మేడం బాత్‌రూం యాసిడ్ తెప్పించింది.

"పిల్లలు పాకుతరు మేడం, వద్దు" అని రత్నవ్వ మొత్తుకుంది. మేడం వింటేనా! ఆదివారం వేరే మనిషిని పెట్టి పోయించింది. సోమవారం పొద్దున రత్నవ్వ బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించి కడిగింది. గచ్చు పీల్చుకున్నది అంత తొందరగా పోతుందా?

పది నెలల చిన్నును వాళ్లమ్మ శ్యామల ఎప్పటిలాగే దింపి కూలికి పోయింది. మధ్యాహ్నానికి వాడి అరచేతులు, మోకాళ్లు కమిలి తోలు లేచాయి. శ్యామల ఏడ్చుకుంటూ వాణ్ని దవాఖానకు ఎత్తుకుపోయింది. మేడం మాత్రం "ఎండలకు అట్లనే అయితది" అంది. ఎండట! కళ్లు నెత్తికెక్కినవాళ్లకు పసివాడి మోకాళ్లు కనబడతాయా?

మర్నాడు పెద్దమనుషులు వచ్చేసరికి మెరిసే గది ఖాళీగా ఉంది. పిల్లలంతా బయట చాపల మీద ఉన్నారు. రత్నవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది.

"నౌకరి కావాల్నా వద్దా? పిల్లల్ని లోపల కూసోపెట్టు" అంది మేడం, పళ్లు కొరుకుతూ.

"కూసోపెడ్త. ముందుగాల మీరు చెప్పులిడిసి లోపటికి నడువున్రి. మీకేం గాకుంటె నేనే తోల్కపోత."

మేడం కదల్లేదు. వచ్చినవాళ్లలో ఒక పెద్దామె, గొడవెందుకని, తానే చెప్పులు విప్పి లోపలికి అడుగేయబోయింది.

మేడం గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా, కాళ్లు మండుతయి!"

రత్నవ్వ లేచి నిలబడింది.

"గామెవి కాళ్లు. మరి మా చిన్నుగానివి?"