రెండో కాపీ ప్రేమ్‌సాగర్

మా కోరుట్లలో ప్రేమ్‌సాగర్ అనే మహానుభావుడున్నాడు. లోకంలో ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే ఆయనకు అన్నం సహించదు. సైకిల్‌కు రెండు గొడుగులు వేలాడుతుంటాయి. సంచిలో రెండు టిఫిన్ డబ్బాలు, కాళ్లకున్నవి పోను ఇంకో జత చెప్పులు. ఇన్ని మోసినా సాయంత్రానికి ఏదో ఒకటి పోగొట్టుకునే ఇల్లు చేరేవాడు. రెండోది మోసి ఏం లాభమని మేము నవ్వుకునేవాళ్లం. ఎవరింట్లోనో కవలలు పుడితే ఊరంతా "ఎట్ల సాకుతరో" అని జాలి పడింది. ఈయన మాత్రం ఆ తల్లి దగ్గరికి పోయి "మంచిగ చేసినవక్కా, గిదీ పద్ధతంటే" అని మెచ్చుకుని వచ్చాడు.

కంప్యూటర్ కనబడితే ఇక అంతే. "అన్నా, గీ ఫైలుకు ఇంకో కాపీ ఏడున్నది?" అని మొదలుపెడతాడు. లేదన్నవాడికి ఆ పూట వ్యాపారం బందు. ఓసారి నా జిరాక్సు దుకాణంలో కూర్చుని, "నీ పనే కాపీలు తీసుడు, నీ కంప్యూటర్‌కే కాపీ లేదా?" అని గిరాకీల ముందు పరువు తీశాడు.

ఎవరి దగ్గరా రెండో కాపీ లేదన్న బాధ భరించలేకే ఆయన ఓ సాఫ్ట్‌వేర్ రాశాడు. మన కంప్యూటర్‌లో ఉన్నదంతా, మన ఇంట్లోనే మూలకు పడేసిన పాత కంప్యూటర్‌లోకి దానంతటదే కాపీ అవుతుంది. ఏ కంపెనీ చేతిలోనూ పెట్టే పని లేదు. అది రాసిన విధానమంతా ఇంటర్నెట్‌లో పెట్టి, వాడుకోండి, మార్చుకోండి, పైసా వద్దన్నాడు. పైసా వద్దన్నవాణ్ని మా బజారులో ఎవరు నమ్ముతారు?

ఓ రోజు లడ్డూల డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది, ఎవలన్న కొన్నరా?" అన్నాను.

"గది కాదన్నా! జర్మనీల ఉండే ఒకాయన రాసిండు. నా సాఫ్ట్‌వేర్ వాడుతుండట, అండ్ల తప్పు దొరికిందట!"

మా దగ్గర తప్పుందంటే తలలు పగులుతాయి. ఈయన లడ్డూలు పంచాడు. అదీ రెండు డబ్బాలు.

అన్నీ ఒకే ఊళ్లో ఉండొద్దని, జగిత్యాలలో మేనత్త పోశవ్వ ఇంట్లో ఇంకో పాత కంప్యూటర్ పెట్టాడు. మన ఇంటర్నెట్ వేగానికి అక్కడిదాకా ఏదీ చేరదు కాబట్టి, ఆదివారం ఆదివారం హార్డ్‌డిస్క్‌తో బస్సెక్కి పోయి, కాపీలన్నీ అందులోకి ఎక్కించి వచ్చేవాడు. పోశవ్వ ఆ కంప్యూటర్‌కు బొట్టు పెట్టి బంతిపూల దండ వేసింది.

"అత్తా, గది దేవుడు గాదే."

"మరి వారం వారం గింత దూరం మొక్కుటానికి ఎందుకస్తున్నవ్ రా?"

ఆయన ఆ దండను కొంచెం పక్కకు జరిపి హార్డ్‌డిస్క్ తగిలించాడు.

నా పక్క దుకాణం రాజేశం ఫోటో స్టూడియో. ప్రేమ్‌సాగర్ నస పడలేక ఆయనా సరేనన్నాడు. ఆయన దగ్గర పాత కంప్యూటర్ లేకపోతే, కాపీ వెనక వీధిలోని తన ఇంటి కంప్యూటర్‌లోకి పోయేట్టు ప్రేమ్‌సాగర్ తీగ లాగాడు.

"పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకోవాలె. గది లేకుంటే ఫోటోలు తెరుచుకోవు. నాక్కూడ చెప్పద్దు," అని ప్రేమ్‌సాగర్ మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. రాజేశం నాకు కన్ను కొట్టి ఏదో టైపు చేశాడు.

అవి తెలంగాణ కొట్లాట జోరుగా నడుస్తున్న రోజులు. వారంలో సగం రోజులు ఊరు బందు, మిగతా సగం కరెంటు బందు. ఆ మాఘమాసంలో సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే కనకయ్య తన కూతురు నవత పెళ్లి చేశాడు. ఫోటోలు రాజేశమే తీశాడు. అల్లుడు వారంలో దుబాయ్ పోవాలి. మళ్లీ రెండేళ్లకు గానీ రాడు. ఫోటోల సీడీ ఒకటి ఆయన వెంట పోవాలి, ఒకటి నవత దగ్గర ఉండాలి. ఈ ఏర్పాటు విని ప్రేమ్‌సాగర్ ఎంత మురిసిపోయాడో చెప్పలేను.

అల్లుడి ప్రయాణానికి ముందురోజు పొద్దున, పోయిన కరెంటు రావడం రావడమే హై వోల్టేజీతో విరుచుకుపడింది. స్టూడియో నిండా కాలిన వాసన. అదే లైను మీదున్న ప్రేమ్‌సాగర్ ఇంట్లోని కాపీ కంప్యూటర్ కూడా మాడిపోయింది. కెమెరా కార్డులో అప్పటికే ఇంకెవరి పెళ్లో ఎక్కేసింది. అంత హడావుడిలో ప్రేమ్‌సాగర్ మాయం. అవసరానికి నిలబడని నిపుణుడని నేనూ ఓ మాట అనుకున్నాను.

బందులో కూడా బండి మీద సాయంత్రానికి కనకయ్య దిగాడు.

"ఫోటోలేవి?"

"కాలిపోయినయ్ సేటూ," అన్నాడు రాజేశం.

"అయితే పెండ్లి మళ్ల చేయాల్నా? రెండేండ్లు మొగుని మొఖం దేంట్ల చూసుకోవాలె నా బిడ్డ?"

రాజేశం కాలిన కంప్యూటర్ వైపు చూశాడు. "జగిత్యాలల ఒక కాపీ ఉంటుండె. కాని పెండ్లయిన సంది బస్సులేడ నడిచినయ్..." అని గొణిగాడు.

అప్పుడే ప్రేమ్‌సాగర్ చెమటలు కక్కుతూ సైకిల్ దిగాడు. చేతిలో హార్డ్‌డిస్క్. దానికీ బొట్టుంది.

"జగిత్యాల పోయినవా? సైకిల్ మీద?" అన్నాను.

"మొన్న ఆదివారం గూడ గట్లనే పోయిన. పెండ్లి ఫోటోలు ఒక్క ఊర్లనే ఉంటే నాకు నిద్రెట్ల పడ్తదన్నా?"

నా కంప్యూటర్‌కు డిస్క్ తగిలించాడు. అది పాస్‌వర్డ్ అడిగింది.

"చెప్పన్నా," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"నేనే కొడ్త."

"సేటు తొందరల ఉన్నడు. నేనే జల్ది కొడ్త, చెప్పు."

రాజేశం నేల చూపులు చూస్తూ, "ప్రేమ్‌సాగర్ పిచ్చోడు" అన్నాడు.

కనకయ్య దగ్గాడు. ప్రేమ్‌సాగర్ మాత్రం ఒక్కో అక్షరం శ్రద్ధగా కొట్టి, "జర అల్కగ ఉన్నదన్నా. కోరుట్లల ఎవలైన కనిపెడ్తరు. మార్చుకో," అన్నాడు.

తెర మీద నవత తలంబ్రాలు పోస్తూ పగలబడి నవ్వుతోంది. కనకయ్య కండువాతో కళ్లు తుడుచుకుని, కరెంటు వాళ్లను నాలుగు తిట్టి తేలికపడ్డాడు. రెండు సీడీలూ అక్కడికక్కడే కొట్టించుకుని బండెక్కాడు.

అప్పుడు చూశాను. ప్రేమ్‌సాగర్ సైకిల్‌కు ఒక్క గొడుగూ లేదు. కాళ్లకు చెప్పుల్లేవు. పెడల్ ఒరుసుకుని పాదాలు ఎర్రబడ్డాయి.

"రెండ్రెండు ఉండె గదయ్యా, ఏడ పడగొట్టుకున్నవ్?"

"పడగొట్టుడేంది? దారిల తెలంగాణ కొట్లాటోళ్లు రోడ్డు మీద వంటావార్పు పెట్టిండ్రు. ఆడోళ్లు ఎండల పొయ్యిల కాడ కూసున్నరు. గొడుగులు ఇచ్చిన. ఇద్దరికి చెప్పుల్లేవు, గవి గూడ ఇచ్చిన. రోజు ఎవలో ఒకలకు అక్కెర పడ్తనే ఉంటది గదా."

ఇన్నేళ్లుగా ఈయన ఏదీ పోగొట్టుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆ రెండోది ఎన్నడూ ఆయన కోసం కాదు. ఆ పిచ్చోడి మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"ఎప్పుడు ఒక్కటే ఇస్తవ్, ఇయ్యాల రెండూ ఇస్తివి. మరి నీకు?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. ఇంత చెప్పినా నేర్చుకోలేదన్న జాలి.

"ఇంటికాడ మూడో జత లేదాన్నా?" అని సైకిలెక్కాడు.