క్లూనా పెట్టెలో ఒక ఓటు తక్కువ

క్లూనాలో ఎవరి ఓటు ఎవరికో వాళ్ళకంటే ముందు సబీనా రువాన్‌కి తెలుస్తుందని ఐర్లండ్‌లోని మేయో పడమటి తీరమంతా చెప్పుకునేవారు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఆ మాట ఒప్పుకునేవారు, కాకపోతే గొంతు తగ్గించి.

పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు ఫెస్టీ కూడా చేసుకోలేదు. గుట్ట కింద ఇంట్లో ఇద్దరే. ఆవిడకి ముక్కు మీద కోపం, ఆయనకి ఒళ్ళంతా బద్ధకం. రొయ్యల బుట్టలు వేయడానికి పడవ ఎక్కుతాడు తప్ప, ఇంట్లో కెటిల్ ఎక్కడుందో కూడా తెలీదు మహానుభావుడికి.

పార్టీ తరఫున సబీనా చేసేది లెక్క చూసే పని. ఓట్ల లెక్కింపు రోజున హాలులో పెట్టెలు తెరిచి అధికారులు కాగితాలు విప్పుతుంటే, కంచెకి ఇవతల అన్ని పార్టీలవాళ్ళూ మెడలు సాచి నిలబడి, ఓటరు మొదటి ఎంపికగా వేసిన ఒకటో నంబరు ఎవరి పేరుకి ఎదురుగా పడిందో చూసి గీతలు పెట్టుకుంటారు. అధికారిక ఫలితానికి రెండు రోజులు పట్టినా, భోజనాల వేళకే గెలిచేదెవరో తేలిపోతుంది. సబీనాకైతే పెట్టె తెరవక ముందే తేలిపోయేది.

ఎలాగంటే, ఎన్నికలు ప్రకటించాక ఓ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు మూసుకునేది. మనసులోనే ఇల్లిల్లూ తిరిగేది. ప్రతి గడపలోనూ ఆగి చెవి ఒగ్గితే పెన్సిల్ గీసిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుతోపాటే అది ఎవరి పేరు పక్కన పడిందో తెలిసేది. కిందటిసారి డెలియా గిల్డే ఇంటి ముందు ఆగితే ఏ చప్పుడూ లేదు. డెలియాకి రాయిలాంటి ఆరోగ్యం. పోలింగ్ ఇంకో వారం ఉందనగా పెరట్లో బట్టలారేస్తూ కుప్పకూలి ప్రాణం విడిచింది. అప్పట్నించి సబీనాకి ఆ నిశ్శబ్దం అంటే భయం పట్టుకుంది.

ఈసారి అన్ని ఇళ్ళూ తిరిగి చివర్న తన ఇంటికి వచ్చింది. ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు వినిపించేవి. ఇప్పుడు ఒకటే వినిపించింది. తను ఇక్కడే ఉంది, నిక్షేపంలా ఊపిరి పీలుస్తోంది. మరి వినపడనిది ఎవరిది?

మర్నాడు పార్టీ ఎన్నికల పనులు చూసే జార్లెత్ వచ్చాడు. టీ కప్పు అందుకోకముందే మొదలుపెట్టాడు. "సబీనక్కా, చెప్పండి. ఇక్కడున్న సీట్లలో చివరిది మనకొస్తుందా, రాదా? అక్కడ మన అభ్యర్థికి నిద్ర లేదు."

"వస్తుంది, అంచు మీద. క్లూనా పెట్టెలో మొత్తం రెండు వందల నాలుగు. మనకి నూట పంతొమ్మిది."

"రెండు వందల ఐదు కాదూ? వచ్చేవాళ్ళ పేర్లు నేనూ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నానే! ఆ ఒక్కరూ ఎవరు?"

"నీకెందుకయ్యా? కేకు తిను."

ఆ రోజు నుంచి తమ్ముణ్ణి కంటికి రెప్పలా కాచుకుంది. నిచ్చెన ఎక్కనివ్వలేదు. పడవ మోటారు ప్లగ్గు ఊడదీసి దాచేసింది. ఆయన గొడ్ల పాక మొత్తం వెతికి, పక్కింటివాళ్ళ మీద నింద వేసి, అలిసిపోయి కూర్చున్నాడు.

"అక్కా, నిన్న దగ్గాను. డాక్టర్ని పిలిచావు. ఇవాళ తుమ్మితే ఫాదర్‌ని పిలుస్తావా ఏంటి?"

"నోర్మూసుకుని స్వెట్టర్ వేసుకో."

"బాబోయ్, నీ పోరు పడలేకే పోయేట్టున్నాను!"

ఆ మాటకి సబీనా చేతిలో పళ్ళెం జారి పగిలింది. ఫెస్టీ నవ్వు ఆపేసి ఆమె ముఖంలోకి చూశాడు.

పోలింగ్ రోజున స్కూలు తలుపులు తెరిచేసరికి తమ్ముణ్ణి రెక్క పుచ్చుకుని తెచ్చి నిలబెట్టింది. అతను నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పెన్సిల్ నొక్కి నొక్కి గీసి, కాగితం మడిచి పెట్టెలో పడేయడం గుమ్మంలోంచి కళ్ళారా చూసింది. ప్రాణం లేచొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన జోస్యం తప్పాలని కోరుకున్నది ఇదే మొదలు, తప్పింది కూడా. ఇక రోజంతా గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడి వచ్చినవాళ్ళని వచ్చినట్టు లెక్కేసుకుంది. తలుపులు మూసే వేళకి తనూ వెళ్ళి ఓటేసి రావడం ఆవిడ అలవాటు. ఆ వేళకి మళ్ళీ భయమేసింది. ఓటైతే వేశాడు, మనిషి ఉన్నాడా? ఇంటికి పరుగెత్తింది. ఫెస్టీ బూట్లతోనే కుర్చీలో పడి గుర్రు పెడుతున్నాడు. కుదిపి లేపితే బూతులు తిట్టాడు. అంత కమ్మగా ఆమె ఎప్పుడూ తిట్లు తినలేదు.

మర్నాడు హాలులో క్లూనా పెట్టె బోర్లించారు. అందరితో పాటు సబీనా గీతలు పెట్టుకుంది. మనకి నూట పంతొమ్మిది. మొత్తం రెండు వందల నాలుగు.

"అక్కా, మీ నోట్లో పంచదార పొయ్య!" అని జార్లెత్ ఎగిరి గంతేశాడు.

సబీనా కంచె పట్టుకుని నిలబడిపోయింది. అందరూ వచ్చారే! గేటు దగ్గర ఒక్కొక్కరినీ చూసిందే! పోలింగ్‌లో పేర్లు చూసిన ఊనా టీచర్ అటుగా వస్తే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊనా, నిన్న రానిది ఎవరు?"

ఊనా నవ్వింది. "వేళాకోళమా సబీనక్కా? మీరే. గొడుగేసుకుని రోజంతా బయటే ఉన్నారు. లోపలికి ఎప్పుడొస్తారా అని చివరిదాకా చూశాను."

సబీనాకి నవ్వొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఊరందరి ఓట్లూ లెక్కపెట్టిన మనిషి తన ఓటు మర్చిపోయింది! అంతే, ఇంకేమీ కాదు. ఎవరూ చావలేదు.

చివరి సీటు ఆమె చెప్పినట్టే పార్టీకొచ్చింది. కానీ రాజధాని డబ్లిన్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేయడానికి ఎవరికీ బలం చాలలేదు. "ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎన్నికలే అక్కా," అన్నాడు జార్లెత్ ఆమెని కారులో దింపుతూ. "ఈ పెట్టె సంగతి అప్పుడూ మీరే చెప్పాలి."

ఆదివారం చర్చిలో మాస్ నుంచి వచ్చాక సబీనా పొయ్యి దగ్గర కూర్చుంది. వచ్చేసారి అందరికంటే ముందు తనే వెళ్ళి ఓటేస్తుంది, ఒట్టు పెట్టుకుంది. ఆ మాట గట్టిగా అనుకుని కళ్ళు మూసుకుంది. క్లూనా అంతా తిరిగింది. అన్ని గడపల్లోనూ పెన్సిళ్ళు కదిలాయి. తన ఇంటికొచ్చింది. ఒకటే పెన్సిల్. ఈసారి కంగారు పడకుండా దాన్నే విన్నది. నిదానంగా, నొక్కి నొక్కి గీస్తున్న చప్పుడు. అది ఫెస్టీది. మళ్ళీ మొదట్నించీ తిరిగొచ్చి విన్నది. రెండో చప్పుడు కోసం చాలాసేపు ఆగింది. పొయ్యిలో నిప్పు కూడా చప్పుడు చేయలేదు.

లేచి, చేతులు కడుక్కుని బల్ల తుడిచింది.

"ఒరేయ్ ఫెస్టీ, ఇలా రా. రొట్టె చేయడం నేర్చుకుందువుగాని."

"నేనా? నువ్వెక్కడికి పోతున్నావు?"

"పిండి తియ్యి."

ఫెస్టీ డబ్బాలో చెయ్యి పెట్టి, తెల్లగా పిండి పట్టిన మోటారు ప్లగ్గు బయటికి లాగాడు. "ఓసి దొంగదానా! ఇక్కడా పెట్టావు?"

"తీసుకో, ఇక నీ పడవ నీ ఇష్టం. సోడా చిటికెడు వెయ్యి. మజ్జిగ కొద్దికొద్దిగా పొయ్యి. అంతలా పిసక్కు, రాయైపోతుంది."

ఆయన గొణుక్కుంటూనే కలిపాడు, గుండ్రంగా చేశాడు. పైన శిలువ గుర్తు పెట్టాలని కత్తి అందించింది. ఫెస్టీ నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, నిదానంగా, నొక్కి నొక్కి గీశాడు.

"బాగుందా అక్కా?"

"బాగుంది. రేపు ఇంకోటి చెయ్యి, నేను చూస్తాను," అంది సబీనా.