ఆకుపచ్చ బస్సిల్లు, కారిన నూనె

తొంభైల మొదట్లో మా ఆయన ఒక పాత మినీబస్సు కొన్నాడు. నిజామాబాద్‌లో మాది కుట్టుమిషన్ల దుకాణం, బస్సుతో ఏ పనీ లేదు. "ఇల్లు జేస్త," అన్నాడు. సీట్లు పీకేసి రెండు మంచాలు బిగించాడు. కిరసనాయిలు స్టవ్వుకు గూడు కట్టాడు. కిటికీలకు నా పాత చీరలే తెరలయ్యాయి.

మొదటి ప్రయాణం కోటగిరికి, మా ఆడబిడ్డ దగ్గరికి. అందరికన్నా సంబరం మా అత్తది. "బిడ్డింటికి పోయినా మనింట్లనే పండుకుంట," అని వాడకట్టంతా చాటింపు వేసింది.

బోధన్ దగ్గర పడుతుంటే చెరుకు ట్రాక్టరు వెనక చిక్కుకున్నాం. ఏదో మాడుతున్న వాసన.

"పప్పు అడుగంటిందా ఏందే?" అంది అత్త.

స్టవ్వు ముట్టిస్తే కదా! ట్రాక్టరు ఆగింది. మా ఆయన బ్రేకు తొక్కినా బస్సు ఆగలేదు, మెల్లగా జారుకుంటూ పోయి చెరుకుగడల్లో ముక్కు పెట్టింది. మేం తేరుకునేలోపే అత్త కిటికీలోంచి చెయ్యి చాపి ఒక గడ లాక్కుంది.

దిగి చూస్తే వెనక చక్రం లోపలివైపంతా నల్లటి నూనె. యాక్సిల్‌లోంచి కారి బ్రేకు మీద పడుతోంది. నత్తలా నడిపి బోధన్‌లో ఒక మెకానిక్ షెడ్డుకు చేర్చాం. అతను చూసీ చూడగానే, "నూనె ఆపే సీల్ పోయిందన్నా. మారుస్త. అందరు దిగుండ్రి," అన్నాడు.

"నా ఇల్లు ఇడిసి నేనెందుకు దిగాలె?" అంది అత్త. చాయ్ ఆశ చూపి దింపాం.

చక్రం ఊడదీసి, కొత్త సీలు వేసి, బ్రేకుకు అంటిన నూనెను పెట్రోలుతో కడిగి పంపించాడు. ఊరు దాటామో లేదో మళ్ళీ అదే వాసన. ఈసారి ఎవరూ పప్పును అనుమానించలేదు. మళ్ళీ షెడ్డుకే వచ్చాం.

"కొత్త సీల్ గిట్లెట్ల కారుతది?" అని మెకానిక్ తల గోక్కున్నాడు. బస్సును ఒకవైపు ఎత్తి చెక్కమొద్దుల మీద నిలబెట్టి, ఇంకో సీలు తేవడానికి బజారుకు పోయాడు. మాకు ఆకలి. ఆ ఒరిగిన ఇంట్లోకే ఎక్కి వంట మొదలుపెట్టాను. ఉల్లిగడ్డలన్నీ దొర్లి ఒక మూలకు చేరాయి. గిన్నెలో అన్నం ఒకవైపు మెత్తన, ఒకవైపు పలుకు. మంచం మీద కూర్చున్న అత్త జారుకుంటూ వచ్చి నా వీపుకు ఆనుకుంది. లేచి పోయి కూర్చుంది, మళ్ళీ జారింది. ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

షెడ్డు పక్క వాడకట్టు ఆడవాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. "అవ్వా, మీ ఇల్లు ఎప్పుడు గిట్లనే ఒరిగుంటదా?"

"ఔ బిడ్డా, గుట్ట మీది ఇల్లు," అంది అత్త తడుముకోకుండా.

మేం తిని దిగాక, బజారు నుంచి తిరిగొచ్చిన మెకానిక్, మా ఆయన కలిసి బస్సు కిందకు దూరారు. కాసేపటికి కింద నుంచి ఒక్కసారిగా నవ్వులు.

"అన్నా, గీ మూతకు రంగేసిందెవరు?"

వేసింది మా ఆయనే. బస్సుకంతా వేయగా డబ్బాలో ఆకుపచ్చ రంగు మిగిలితే వృథా ఎందుకని బస్సు అడుగుకు కూడా పూశాడట. యాక్సిల్ పైన ఆ మూతకున్న, గాలి పోయే చిన్న రంధ్రం ఆ రంగుతో మూసుకుపోయింది. లోపల వేడెక్కిన గాలికి దారి లేక, నూనెను సీలు పక్కనుంచి బయటికి తోస్తోంది. మెకానిక్ మేకుతో రంగు గీకాడు. ఫుస్సుమంది. ఆ చప్పుడుకు అతను మళ్ళీ నవ్వబోయి తల బస్సు అడుగుకు కొట్టుకున్నాడు.

బ్రేకును మళ్ళీ కడిగించుకుని, పొద్దుగూకే వేళకు కోటగిరి చేరాం. నూనె చుక్క కూడా కారలేదు. ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చి, లోపలికెక్కి, తెరలు తడిమి, మంచం మీద ఒకసారి ఎగిరి కూర్చుంది. తరువాత కిటికీలోంచి తల బయట పెట్టి మొగుణ్ణి కేకేసింది:

"ఇగో, కూర చట్టిల ఉన్నది, ఏస్కొని తిను! నేను మా తల్లిగారింట్ల ఉన్న!"