ముక్కు నర్సమ్మ

ఆసుపత్రిలో ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలవరు. ముక్కు నర్సమ్మ అంటే చాలు, మూడో గది చూపిస్తారు. ప్రతి మంగళవారం జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్ళలో మొదటి ఐదుగురి ముక్కులో సన్నటి దూదిపుల్ల తిప్పి, గొట్టంలో వేసి, మంచుపెట్టెలో సర్ది పెద్ద ల్యాబుకు పంపడం ఆమె పని. ఇలా ఊరూరా చేరిన ముక్కుల్ని చూసే వచ్చే ఏడాది ఫ్లూ టీకాలో ఏయే వైరస్ రకాలు ఉండాలో పెద్దలు తేలుస్తారు. అది తలుచుకుంటే ఆమె నడుము నిటారుగా నిలిచేది.

మొదటి ఐదుగురు అన్నది రూలు. కానీ పుల్ల చూడగానే పిల్లలు పైకప్పు లేచిపోయేలా ఏడుస్తారు. నర్సమ్మది వెన్నలాంటి మనసు. పిల్లల వంతు రాగానే చూసీ చూడనట్టు వెనకున్న తాతగారిని పిలిచేది. తాతగార్లు బుద్ధిమంతులు.

ఒకరోజు ల్యాబు ఆయన ఫోన్ చేసి, "ఏమ్మా, మీ ఊళ్ళో పిల్లలకు జ్వరాలే రావా?" అని మెత్తగా అడిగాడు. ఆ తర్వాతి మాటలు ముల్లులా దిగాయి. పిల్లల్లో తిరిగే రకం, ముసలివాళ్ళలో తిరిగే రకం ఒకటే కావాలని లేదట. ఒకవైపే చూస్తే టీకా గురి తప్పచ్చట. పెద్దల సమావేశానికి ముందు వెళ్ళే ఆఖరి పెట్టె ఈ మంగళవారానిదే. అందులోనూ పిల్లలు లేకపోతే ఈ ఆసుపత్రిని నమూనాలు పంపే జాబితాలోంచి తీసేస్తారట.

మంగళవారం వరుసలో మూడో మనిషి ఆమె సొంత మేనకోడలే. ఏడేళ్ళది, జ్వరంతో బుగ్గలు కందిపోయి ఉంది. పుల్ల చూడగానే బల్ల కింద దూరింది. వెంట వచ్చిన పిల్ల తండ్రి, అంటే నర్సమ్మ అన్నయ్య, ఊరందరి ముక్కులూ లొంగాయి గానీ ఇంటి ముక్కు లొంగలేదని చెల్లెల్ని ఆటపట్టించాడు.

నాలుగో కుర్చీలో ఒక తాతగారు అప్పటికే తల పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. నర్సమ్మ ఆయన వైపు ఆశగా ఒకసారి చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల కిందకి వంగింది.

"ఒసే కోడలా, ముందు నువ్వు నాకు పెట్టు. తర్వాతే నేను నీకు."

"నిజంగానా అత్తా? లోపలిదాకా?"

"లోపలిదాకా."

మాస్కు దించి, పిల్ల చెయ్యి పట్టుకుని దారి చూపిస్తూ తన ముక్కు అప్పగించింది. పదేళ్ళుగా ఊరందరికీ పెడుతున్న పుల్ల ఎంత గడుసుదో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. కళ్ళనీళ్ళు ధారకట్టాయి. వరసగా ఏడు తుమ్ములు. కూర్చున్నవాళ్ళంతా పైకే లెక్కపెట్టారు. మేనకోడలు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నవ్వుతోనే కుర్చీ ఎక్కింది. కొత్త పుల్ల లోపలికి వెళ్తున్నంతసేపూ తండ్రి వేలు నలిపేసింది గానీ కదల్లేదు.

గొట్టం మీద వయసు ఏడు అని నర్సమ్మ గుండ్రంగా రాసింది.

తాతగారు గొంతు సవరించుకుని, "నేనూ ముందు నీకు పెట్టాలా అమ్మా?" అని అడిగారు.

అక్కర్లేదని ఆయనను ఎలాగో ఒప్పించింది. ఐదో కుర్చీలో ఉన్న బడిపిల్లవాడు మాత్రం ముందు ఆమెకు పెట్టందే ఒప్పుకోలేదు. మంచుపెట్టె మూత పడేసరికి అందులో పిల్లల గొట్టాలు రెండున్నాయి. నర్సమ్మ తుమ్ములు పదకొండు దాటాయి.